రెజిన్ వాసన

మొన్న మా అపార్ట్‌మెంటు మేడమీద నీళ్ళ ట్యాంకు కారుతోందని ఇద్దరు కుర్రాళ్ళు వచ్చి లోపల ఫైబర్ వేశారు. మధ్యాహ్నం భోంచేసి నడుం వాల్చానో లేదో, మెట్లమీదుగా ఒక వాసన దిగి వచ్చింది. తియ్యగా, ఘాటుగా, ముక్కు లోపల ఎక్కడో గీరినట్టు. మా ఆవిడ వంటింట్లోంచి "గ్యాస్ లీకవుతోందేమో చూడండి" అని కేకేసింది. నాకు మాత్రం మొదటి పీల్పులోనే తెలిసిపోయింది, అది రెజిన్, ఫైబర్‌ని అతికించే జిగురు. అందులో ఉండేదాన్ని స్టైరీన్ అంటారని చాలా ఏళ్ళ తర్వాత ఎక్కడో చదివాను గానీ, మా ఇంట్లో దాని పేరు "కొట్టు వాసన". మా నాన్నని నైనా అనేవాళ్ళం. నైనా చొక్కా విప్పి కొక్కేనికి తగిలిస్తే ఆ రాత్రంతా గదినిండా అదే.

చెప్పులేసుకుని పైకెళ్ళాను. ఒక కుర్రాడు బకెట్లో రెజిన్ కలుపుతున్నాడు. పక్కనే ఒకే సంచిలో రెండు ప్లాస్టిక్ సీసాలు. ఒకదాంట్లో ఊదారంగు కోబాల్టు, ఇంకోదాంట్లో నీళ్ళలా ఉండే క్యాటలిస్టు. రెండూ రెజిన్ గట్టిపడడానికి వేసేవే.

"ఆ రెండూ పక్కపక్కన పెట్టకు నాయనా" అనేశాను.

"ఎందుకు సార్?" అన్నాడు వింతగా చూస్తూ.

ఎందుకంటే మా నైనా వీపు పగలగొట్టేవాడు కాబట్టి. ముందు కోబాల్టుని రెజిన్లో పోసి బాగా కలపాలి. అది పూర్తిగా కలిసిపోయాకే క్యాటలిస్టు పొయ్యాలి. రెండూ నేరుగా కలిశాయంటే భగ్గుమంటాయి. మా షెడ్డులో ఆ రెండు సీసాలూ ఎదురెదురు గోడలకి ఉండేవి. ఒకటి తీసిన చెయ్యి కడుక్కోకుండా రెండోది ముట్టుకోకూడదు. మే నెల ఎండల్లో క్యాటలిస్టు తగ్గించి వెయ్యాలి, లేకపోతే బ్రష్షు ముంచేలోపే బకెట్లో ఉన్నది ఉన్నట్టు గట్టిపడిపోతుంది. అలా పాడైన రెజిన్ బకెట్ ఆకారంలో పసుపుపచ్చ గాజుదిమ్మలా ఊడి వచ్చేది. మా ఇంట్లో ఏ తలుపుకి చూసినా అలాంటి దిమ్మ ఒకటి అడ్డం ఉండేది. ఒక్కో దిమ్మా ఎవరి తప్పో కూడా అందరికీ గుర్తే. వంటింటి తలుపుది నాది.

* * *

మాది పడవలమ్మిన ఇల్లు. రాయపురంలో, కాశిమేడు ఫిషింగ్ హార్బరుకి పోయే దారిలో ముందు కొట్టు, వెనక షెడ్డు, పైన మేం. తాళ్ళు, లంగర్లు, రాగిమేకులు, గుగ్గిలం, వలల బెండ్లు, పడవల రంగులు, తర్వాత మోటార్లు, ఆ తర్వాత ఏకంగా పడవలు. తాత మొదలుపెట్టాడు, నైనా పెంచాడు. మూడో తరంవాడిగా నేనేం చేశానన్నది చివర్లో చెబుతాను, గొప్పగా ఏం లేదు.

చెన్నైలో మేం పడవలు అమ్మేవాళ్ళమంటే అందరూ అడిగేది ఒకటే: "మెరీనాలోనా?" ఒకసారి యూరప్ నుంచి మోటార్ల కంపెనీ మనిషి ఒకాయన వచ్చి, "మీ మెరీనా చూపించండి" అన్నాడట. నైనా ఆయన్ని ఆటో ఎక్కించి బీచికి తీసుకెళ్ళి సుండల్, అదే గుగ్గిళ్ళు, కొనిపెట్టాడు. వాళ్ళ దేశంలో మెరీనా అంటే పడవలు కట్టేసుకునే చోటు. అక్కడే రిపేరు, అక్కడే ఇంధనం, అక్కడే అమ్మకం. మా ఊళ్ళో ఆ పేరు 1880లలో గ్రాంట్ డఫ్ అనే గవర్నరు పెట్టిపోయాడు, ఒడ్డున షికారు బాటకి. నొచ్చికుప్పం దగ్గర పడవలున్నాయి నిజమే, కానీ అవి ఇసకమీద పడుకుంటాయి. ఆ యూరప్ ఆయన సుండల్ పొట్లం పట్టుకుని అటూ ఇటూ చూసి, "మరి పడవలెక్కడ?" అన్నాడని నైనా జన్మంతా చెప్పుకుని నవ్వాడు.

మెరీనా లాంటి మెరీనా మా ఎరుకలో ఒక్కటే, హార్బరు లోపల రాయల్ మద్రాస్ యాట్ క్లబ్. 1911లో అప్పటి పోర్ట్ ట్రస్ట్ ఛైర్మన్ సర్ ఫ్రాన్సిస్ స్ప్రింగ్ పెట్టించింది. అక్కడి తెల్ల తెరచాప పడవలకి ఫైబర్ పగిలితే అతుకెయ్యడానికి నైనా వెళ్ళేవాడు, సామాను మోయడానికి నేను. మనుషులు సరదాకి సముద్రం మీదకి వెళ్తారని నేను తెలుసుకున్నది అక్కడే. ఆ సంగతి మా షెడ్డులో వడ్రంగి మేస్త్రికి చెబితే నమ్మలేదు. "చేపలు పట్టరా? మరెందుకు తడవడం?" అన్నాడు.

* * *

మావాళ్ళు నెల్లూరు వైపు నుంచి వచ్చారు. రైల్లోనో బస్సులోనో కాదు, పడవలో. మా ముత్తాత బకింగ్‌హాం కాలవలో సరుగుడు కట్టెలు వేసుకుని చెన్నపట్నానికి పడవ నడిపేవాడు. పట్నంలో పొయ్యిలన్నీ ఆ కట్టెలతో మండిన రోజులు. ఆ కాలవ 1806లో ఊరి నుంచి ఎన్నూరు వైపు మొదలై, అటు పులికాట్ దాటి పెదగంజాం దాకా, ఇటు మరక్కాణం దాకా సాగింది, 400 కిలోమీటర్ల పైన. ఊరి మధ్యలో కూవం, అడయారు నదుల్ని కలిపే ముక్కని 1877-78లో కరువుపని కింద ఆకలితో వచ్చిన జనం చేత తవ్వించారు.

గాలి ఉంటే తెరచాప. లేకపోతే గడ. అదీ సాగకపోతే గట్టుమీద నడుస్తూ తాడు పట్టి లాగడమే. తాత పదేళ్ళప్పటి నుంచీ తాడు లాగాడట. కుడిభుజం మీద చర్మం వేరే రంగులో, చెప్పు అడుగులా గట్టిగా ఉండేది. నన్ను ఎత్తుకున్నప్పుడల్లా నా గడ్డం అక్కడే ఆనేది కాబట్టి నాకు బాగా తెలుసు. ఒక ప్రయాణంలో పడవకి చిల్లు పడి బేసిన్ బ్రిడ్జి దగ్గర ఆగిపోయారట. బాగుచేసేవాడు అడిగిన కూలీ విని తాత, "ఇంత డబ్బుందా దీంట్లో!" అని అక్కడే ఉండిపోయాడు. మా వంశ వ్యాపారం మొదలైంది ఆ చిల్లులోంచే.

తాత పని నాకు లీలగా గుర్తుంది. పలకకీ పలకకీ మధ్య సందులో దూదిని తాడులా పేని, ఉలి పెట్టి సుత్తితో దట్టించేవాడు. కళ్ళు మూసుకుని కొట్టేవాడు. మొదట బోలుగా టొక్ టొక్ అనేది, సందు నిండేకొద్దీ చప్పుడు గట్టిపడి టక్ టక్ అయ్యేది. "చెక్క చాలంది" అని ఆపేసేవాడు. తర్వాత నూనెలో కాచిన గుగ్గిలం పూత. మధ్యాహ్నం అన్నం తిని నేను నిద్రపోయేది ఆ సుత్తి చప్పుడుకే. వేసవి సెలవుల్లో నెలరోజులకని ఊరెళ్ళినప్పుడు, ఆ చప్పుడు లేక నిద్ర పట్టక ఏడ్చేవాణ్ణని అమ్మ చెప్పేది.

కాలవ పూడింది, లారీలు వచ్చాయి, కట్టెల పొయ్యిలు పోయాయి. తాత మాత్రం అంతకుముందే ఉప్పునీటి వైపు మకాం మార్చేశాడు. ఇప్పుడు ఆ కాలవలో స్తంభాలు పాతి పైన రైలు నడుపుతున్నారు. మైలాపూరు వైపు ఆ రైల్లో వెళ్తుంటే కిటికీలోంచి కిందికి చూస్తాను. ఆ నల్లటి నీళ్ళమీద తెరచాప ఎత్తేవాళ్ళంటే మా పిల్లలు నవ్వుతారు.

* * *

మోటార్లు జపాన్ నుంచి చెక్కపెట్టెల్లో వచ్చేవి. యమహా, సుజుకీ. పెట్టె వచ్చిన రోజు పండగే. మేకులతో సహా పలకలు కిర్రుమంటూ ఊడేవి, లోపల్నుంచి కొత్త రంగు, గ్రీజు, వేరే దేశపు చెక్క కలిసిన వాసన వచ్చేది. మోటారు కొనుక్కున్నవాడిది, పెట్టె మాది. మా ఇంట్లో బల్లలు, పుస్తకాల అర, దేవుడి మందసం అన్నీ ఆ పెట్టెలతో చేసినవే. వేంకటేశ్వరస్వామి వెనక పలకమీద "మేడ్ ఇన్ జపాన్" అని నల్లరంగు అచ్చు తలకిందులుగా ఉండేది. మా అవ్వకి ఇంగ్లీషు రాదు కాబట్టి బతికిపోయాం.

పడవ వెనకవైపు తగిలించే ఈ మోటారు ఎందుకు పుట్టిందో నైనా కథలా చెప్పేవాడు. అమెరికాలో ఎవిన్‌రూడ్ అనే ఆయన, తన ప్రియురాలు అడిగిందని ఎండలో చెరువు అవతలికి తెడ్డేసుకుంటూ వెళ్ళి ఐస్‌క్రీమ్ తెచ్చేసరికి అది కాస్తా కరిగిపోయిందట. ఆ మంటతో మోటారు కట్టి 1909 నుంచి అమ్మడం మొదలుపెట్టాడు. నైనా ఈ కథ చెప్పి ఊరుకోడు, "చూశావా, ఆడవాళ్ళు అడిగింది చెయ్యాలి" అని అమ్మ వైపు చూసేవాడు. అమ్మ అడిగినవి ఎన్ని చేశాడో అమ్మకే తెలియాలి.

మా మోటార్లు తాగేది కిరసనాయిలు. పెట్రోలుతో స్టార్ట్ చేసి, వేడెక్కాక కిరసనాయిలుకి మార్చాలి. ఆపేముందు మళ్ళీ కాసేపు పెట్రోలు. ఈ చివరి మాట మర్చిపోయినవాడు మర్నాడు పొద్దున్నే నల్లబడిన ప్లగ్గు చొక్కాజేబులో వేసుకుని వచ్చేవాడు. గుమ్మంలోకి రాకముందే నైనా చెయ్యి చాచేవాడు.

అమ్మేముందు మోటారుని నడిపి చూపించాలి. దానికి షెడ్డులో పైభాగం కోసేసిన నూనె డ్రమ్ము ఉండేది. అంచున చెక్క బిగించి, దానికి మోటారు తగిలించి, డ్రమ్ము నిండా నీళ్ళు పోసి తాడు లాగాలి. నైనా ఎడమకాలు డ్రమ్ముకి తన్నిపెట్టి లాగేవాడు. ఒకటి, రెండు, మూడోదానికి పట్టుకునేది. షెడ్డంతా దడదడలాడి, తెల్లటి పొగ, నీళ్ళు కుతకుతా తిరగడం. అప్పుడు అందరూ చూసేది మోటారు పక్కనున్న చిన్న బెజ్జం వైపు. అందులోంచి సన్నటి ధారగా నీళ్ళు చిమ్మాలి. అలా చిమ్మితేనే లోపల చల్లబరిచే పంపు పనిచేస్తున్నట్టు. ఆ ధార కళ్ళతో చూడందే ఏ జాలరీ డబ్బు తీసేవాడు కాదు.

ఊళ్ళో నీళ్ళ కరువు వచ్చిన ఒక ఏడాది. రాయపురంలో లారీ వస్తే వచ్చినట్టు, లేకపోతే లేదు. వీధి మొత్తం రంగురంగుల ప్లాస్టిక్ బిందెలు వరసలో నిలబడేవి, మనుషులు నీడలో కూర్చునేవాళ్ళు. కృష్ణ నీళ్ళు చెన్నైకి ఇస్తామని 1983లో ఒప్పందం అయ్యింది, అవి పూండి దాకా వచ్చేసరికి 1996. ఆ మధ్యలో ఏ ఎండాకాలమైనా మా తాత పేపరు మడిచి, "వస్తున్నాయంట రా, మన నీళ్ళే" అనేవాడు, బంధువులు బయల్దేరినట్టు.

అలాంటి ఒకరోజు ఒక జాలరి మోటారు తీసుకోవడానికి వచ్చాడు. అప్పటికి ఆర్నెల్లుగా కొంచెం కొంచెంగా డబ్బు కట్టాడు. డ్రమ్ములో నీళ్ళు అడుక్కి ఉన్నాయి. నైనా లారీ నీళ్ళ కోసం రెండు బకెట్లు పట్టుకుని బయల్దేరితే అవ్వ గుమ్మానికి అడ్డం నిలబడింది.

"తాగడానికి చుక్క లేదు, నీ ఇనప బిడ్డకి స్నానమా?"

"అమ్మా, ఊరికే చూపించి..."

"సముద్రం అంత పెద్దది ఎదురుగ్గా ఉంది. అందులో ముంచు!"

సముద్రపు నీళ్ళతో నడిపితే లోపల ఉప్పు పేరుకోకుండా మళ్ళీ మంచినీళ్ళతో కడగాలి, దానికి ఇంకా ఎక్కువ నీళ్ళు కావాలి అని నైనా వివరించబోయాడు. అవ్వ వినదల్చుకోలేదు. వీధిలో క్యూలో ఉన్నవాళ్ళంతా వింటున్నారు. నైనా మొహం చిన్నబోయింది. అప్పుడు వరసలోంచి ఒకావిడ లేచి, నిండిన రెండు బిందెలు ఎత్తుకొచ్చి డ్రమ్ములో పోసేసింది. ఆ జాలరి భార్య. "మా మోటారే కదా" అంది తమిళంలో. వెనక ఇంకో ఇద్దరు కూడా పోశారు. తాడు లాగారు. మూడోసారికి పట్టుకుంది. సన్నటి ధార చిమ్మింది. ఆవిడ దోసిలి పట్టి ఆ నీళ్ళు ముట్టుకుని, వేడిగా ఉన్నాయని గబుక్కున చెయ్యి వెనక్కి తీసుకుని నవ్వింది.

మోటారు ఆపాక ఆ నూనెతెట్టు నీళ్ళని అదే బిందెల్లో ముంచుకుని వెళ్ళింది, గడప కడగడానికి. మూడోనాడు మా ఇంటికి ఆకులో చుట్టిన వంజరం ముక్కలు వచ్చాయి. అవ్వ పులుసు పెట్టింది గానీ ఆ పూట నైనాతో మాట్లాడలేదు.

* * *

వ్యాపారం అంతా అప్పు మీదే. చేపలు పడితే డబ్బు, లేకపోతే మాట. నైనా పుస్తకం ఎర్ర అట్ట, పొడుగు కాగితాలు, పెన్సిల్. కుప్పాల్లో, అంటే జాలరిపేటల్లో, ఒకే పేరున్నవాళ్ళు పదిమంది ఉండేవాళ్ళు, అందుకని పేరు పక్కన పడవ గుర్తు రాసేవాడు. "నీలం మీద పసుపు గీత". "అణియం దగ్గర చేప బొమ్మ". పడవ ముందుభాగం అణియం, వెనకభాగం అమరం. ఈ మాటలు తెలుగులోనూ తమిళంలోనూ ఒకటే. మాకూ వాళ్ళకీ భాష కుదిరిందే ఇలాంటి మాటల్లో. నైనా అన్న పిలుపు కూడా ఉత్తర చెన్నై తమిళులు మన దగ్గర తీసుకున్నదే. దాంతో మా నాన్నని మేమూ నైనా అనేవాళ్ళం, సగం కుప్పం కూడా నైనా అనేది. బడిలో ఒకడు నాతో గొడవపడ్డాడు, "మా నైనాని నువ్వెందుకు అలా పిలుస్తున్నావ్" అని.

* * *

ఫైబర్ మాట మా ఇంట్లోకి ఎలా వచ్చిందంటే, ఐక్యరాజ్యసమితి ఆహార వ్యవసాయ సంస్థ (ఎఫ్‌ఏఓ) వాళ్ళ బే ఆఫ్ బెంగాల్ ప్రోగ్రాం 1979లో మద్రాసు కేంద్రంగా మొదలైంది. హార్బరు లేని ఊళ్ళలో అలల్ని దాటుకుని నేరుగా ఇసకమీదకి వచ్చే పడవ ఎలా ఉండాలని ప్రయోగాలు చేసేవాళ్ళు. అప్పటిదాకా మన తీరంలో ఆ పని చేసింది తెప్ప. నాలుగైదు తేలిక దుంగలు తాడుతో కట్టడం, ఒడ్డుకి రాగానే విప్పి ఆరబెట్టడం. తమిళంలో కట్టుమరం అంటారు, ఇంగ్లీషువాళ్ళ క్యాటమరాన్ దాన్లోంచే. నైనా వెళ్ళి ఆ ప్రయోగాల పడవలు చూసొచ్చి మూడు రోజులు ఎవరితోనూ సరిగా మాట్లాడలేదు. నాలుగోరోజు వడ్రంగి మేస్త్రిని పిలిచి సుద్దముక్కతో షెడ్డు నేలమీద పడవ గీయడం మొదలుపెట్టాడు.

ముందు చెక్కతో ఒక పడవ చేసి, నున్నగా నూరి, దానిమీద ఫైబర్ పోసి అచ్చు తీశారు. ఇంక ఆ అచ్చులోంచి ఎన్ని పడవలైనా వస్తాయి. అచ్చు లోపలంతా అద్దంలా ఉండాలి. మైనం పూసి గుడ్డతో రుద్దడం నా పని. బడి నుంచి రాగానే బనీనుతో అందులోకి దిగేవాణ్ణి. మైనం, దానిమీద రంగు పొర, దానిమీద ఫైబర్ చాప, రెజిన్, మళ్ళీ చాప, మళ్ళీ రెజిన్, రోలరుతో గాలి బుడగలు తోసెయ్యడం. చివరి పొరకి ముందు అమ్మ వచ్చి, పసుపు రాసిన చిన్న కాగితం మీద "శ్రీ" అని రాసి అణియం లోపల అంటించేది. రెజిన్ తగలగానే కాగితం కరిగిపోయినట్టు కనబడకుండా పోయి, అక్షరం ఒక్కటే గాజులో చిక్కినట్టు నిలిచేది.

మర్నాడు పొద్దున అచ్చు విప్పడం. అంచుల్లో చెక్క చీలలు దిగ్గొట్టి, సందులో నీళ్ళు పోసేవాళ్ళు. కాసేపు ఏమీ ఉండదు. షెడ్డులో అందరూ మాటలాపేసేవాళ్ళు. తర్వాత ములక్కాడ విరిచినట్టు ఒక చప్పుడు అమరం వైపు మొదలై అణియం దాకా పరిగెత్తేది. పడవ పుట్టింది. నైనా అప్పుడు మాత్రమే బీడీ వెలిగించేవాడు, వీధిలోకి వెళ్ళి.

మూడో పడవో నాలుగోదో పూర్తయ్యాక ఒక సాయంత్రం అచ్చులో మైనం రుద్దుతూ, అంచున ఉన్న పెద్ద స్పానరుని మోచేత్తో తగిలాను. అణియం దగ్గర ఎడమవైపు పడి, శనగగింజంత పెచ్చు లేచిపోయింది. ఎవరూ చూడలేదు. నేను మైనంతో నింపి, రుద్ది, కిందికి దిగి హోంవర్కు చేసుకున్నాను. తర్వాతి పడవ బయటికి వచ్చినప్పుడు దాని చెంపమీద శనగగింజంత బుడిపె ఉంది. నైనా దాన్ని బొటనవేలితో తడిమి, తల తిప్పకుండా నా పేరు పిలిచాడు. దెబ్బల సంగతి వదిలేయండి.

అచ్చుకి పుట్టీ పెట్టారు, కొన్ని పడవలకి ఊడిపోయింది. మళ్ళీ పెట్టారు, మళ్ళీ ఊడింది. చివరికి ఒక జాలరి "ఇదేంటి నైనా?" అని అడిగితే, నైనా మొహంలో ఏ మార్పూ లేకుండా "మా కంపెనీ గుర్తు" అన్నాడు. అంతే, అది గుర్తయి కూర్చుంది. కొన్నాళ్ళకి ఒకడొచ్చి, ఈ పడవకి గుర్తు సరిగా పడలేదని బేరం తగ్గించమన్నాడు.

* * *

2004 డిసెంబరు 26, ఆదివారం. సునామీ వచ్చిన రోజు. నేను అప్పటికి గిండీలో ఉద్యోగం చేస్తూ కొట్టుకి సెలవురోజుల్లో మాత్రం వెళ్ళేవాణ్ణి. ఆ పొద్దున నేనక్కడే ఉన్నాను. హార్బరు వైపు నుంచి జనం పరిగెత్తుకొస్తుంటే ఏదో గొడవనుకున్నాం. తర్వాత వెళ్ళి చూస్తే లాంచీలు ఒకదాని మీదికొకటి ఎక్కి ఉన్నాయి, తాళ్ళు తెగి, పలకలు చీలి. ఆ రోజు గురించి అందరూ రాశారు, నేను ఇంకేం రాయను. నైనా పుస్తకంలో ఉన్నవాళ్ళలో ఇద్దరు పోయారు. వాళ్ళ పేజీలు కొట్టెయ్యలేదు, చించలేదు. బాకీ అంకె పక్కన పెన్సిల్‌తో సున్నా చుట్టాడు.

మూడు వారాలకి మొదలైంది. సాయం చేసే సంస్థలవాళ్ళు కార్లలో వచ్చేవాళ్ళు, చేతుల్లో లిస్టులు. యాభై పడవలు, వంద పడవలు, రెండు నెలల్లో కావాలి. మేం అప్పటిదాకా నెలకి మూడు చేస్తే గొప్ప. రోడ్డు పొడుగునా కొత్త షెడ్లు లేచాయి. నిన్నటిదాకా వాటర్ ట్యాంకులు పోసినవాళ్ళు పడవలు పోశారు. అచ్చు చేయించుకునే టైమెవరికుంది? ఒక పడవ కొనుక్కెళ్ళి, దానిమీదే ఫైబర్ పోసి అచ్చు తీసేశారు. మా పడవ మీద కూడా తీశారు. ఎలా తెలిసిందంటే, మేం చెయ్యని పడవల చెంపల మీద నా బుడిపె ఉంది.

ఒక సంస్థ మనిషి, పేరెందుకు లెండి, నైనాతో రెండు పొరలు తగ్గించి ధర తగ్గించమన్నాడు. నైనా కుదరదన్నాడు. రెండోసారి వచ్చాడు. "మీరు చెయ్యకపోతే పక్కవాడు మూడు పొరలు తగ్గించి చేస్తాడు, ఎక్కేది మీవాళ్ళే" అన్నాడు. నైనా ఒక పొర తగ్గించడానికి ఒప్పుకున్నాడు. నలభై పడవలు. నేనే దగ్గరుండి ఆ లెక్క రాశాను. వాటిల్లో దేనికీ ఏమీ కాలేదు, మాకు తెలిసినంతవరకు. అయినా ఆ నలభైలో ఏ ఒక్కదాని మొదటి కర్పూరానికీ నైనా వెళ్ళలేదు. అంతకుముందు ప్రతి కొత్త పడవకీ గుమ్మడికాయ కొట్టి, నీళ్ళలోకి దిగేదాకా ఒడ్డున నిలబడేవాడు.

పదేళ్ళలో సంపాదించనిది ఆ ఒక్క ఏడాదిలో వచ్చింది. చెల్లెలి పెళ్ళి దాంతోనే. నేనిప్పుడుంటున్న ఈ ఫ్లాటుకి అడ్వాన్సు కూడా దాంతోనే. మా ఇంట్లో ఆ ఏడాది లాభం అన్న మాట ఎవరూ నోటితో అనలేదు. "వచ్చింది" అనేవాళ్ళం. వచ్చింది బ్యాంకులో వేశావా. వచ్చినదాంట్లోంచి తీసి ఇవ్వు.

తర్వాత ఏం జరుగుతుందో ఎవరైనా ఊహించొచ్చు. ఒడ్డున మనుషుల కంటే పడవలు ఎక్కువయ్యాయి. తెప్పలు దాదాపు కనుమరుగయ్యాయి. ఒకతను తెప్ప దుంగలు రిక్షాలో వేసుకొచ్చి కట్టెలకింద కొంటారా అని అడిగాడు. కొత్త పడవ అడిగేవాడు లేడు. కిరసనాయిలు మోటార్ల బదులు పొడుగు తోక డీజిల్ ఇంజన్లు వచ్చాయి, వాటి బేరం మా చేతిలో లేదు. నైనా రోజూ కొట్టు తెరిచి, తాళ్ళ చుట్టల దుమ్ము దులిపి, పేపరు చదివి, మూసేవాడు. అలా కొన్నేళ్ళు. ఒకరోజు అచ్చు అమ్మేశానని భోజనాల దగ్గర చెప్పాడు. ఎవరికని మేం అడగలేదు. కొట్టు అమ్మిన కాగితాల మీద సంతకం చేసింది నేను. మూడో తరంవాడిగా నా వంతు అదీ.

నైనా పోయి ఆరేళ్ళు.

* * *

ట్యాంకు పని అయిపోయిన మర్నాడు, వాసన ఇంకా పోక, కాశిమేడు వెళ్ళాను. కొట్టున్న చోట ఇప్పుడు సెల్‌ఫోన్ల షాపు, పైన ట్యూషన్ సెంటరు. హార్బరులోకి నడిచాను. ఐసు పెట్టెలు, డీజిల్, ఎండుచేపలు, అరుపులు. చిన్న పడవలు ఆగే వైపు వెళ్ళి, అలవాటు చొప్పున ఒక్కోదాని ఎడమ చెంప చూసుకుంటూ పోయాను. ఎనిమిదోదో తొమ్మిదోదో, ఆకుపచ్చ పడవ. ఎన్ని రంగుల పొరల కిందో, అణియానికి మూరెడు వెనక, శనగగింజ. వేలు పెట్టాను.

పడవలో వల సర్దుతున్న పెద్దాయన తలెత్తాడు. "ఏం సార్, పడవ కావాలా?"

"ఊరికే చూస్తున్నా. ఈ బుడిపె ఏంటి?"

"అదా, కంపెనీ గుర్తు. పాత పడవలకే ఉంటుంది. గట్టి పడవ."

"ఏ కంపెనీ?"

ఆయన కాసేపు ఆలోచించాడు. "కేరళావాళ్ళది."

మాదో, మా పడవ మీద అచ్చు తీసిందో తేల్చాలంటే ఒక్కటే దారి. అణియం లోపలికి వంగి చూడబోయాను. వలలు నిండా కుక్కి ఉన్నాయి, వాటిమీద రెండు ఐసు పెట్టెలు. లోపల ఏదో చూడాలని చెప్పాను, ఏమిటో చెప్పలేదు. ఆయన నన్ను ఎగాదిగా చూసి, "సాయంత్రం ఇవన్నీ దించుతాం, అప్పుడు చూసుకో" అన్నాడు.

అప్పటికి పదకొండున్నర. ఇంటికి ఫోన్ చేసి, భోజనానికి రానని చెప్పి, నీడ ఉన్న గోడ చూసుకుని కూర్చున్నాను.